కారమెల్ అంటే మన పాకమే అండి, అసలు తిప్పలంతా చాక్లెట్ దగ్గరే

మీరు మూడు అడిగారు కదా, కారమెల్ చల్లారినంక పలుకులు పలుకులు అవుతుందని, చాక్లెట్ ఫ్రిజ్‌లోంచి తీయంగనే చేతికి అంటుకుంటుందని, రెండ్రోజులకి పైన తెల్లగా బూజు పట్టినట్టు అవుతుందని. ఆ తెల్లది బూజు కాదు, పారేయకండి. ఇవన్నీ నాకూ అయినయ్, ఒక దీపావళికి ఎవరికీ పంచలేక మేమే కూర్చొని తిన్నం.

ముందు కారమెల్. పల్లి పట్టీలు చెయ్యొస్తే మీకు సగం వచ్చినట్టే. మా అమ్మమ్మ బెల్లం పాకం ఒక చుక్క నీళ్ల గిన్నెలో వేసి, గట్టిపడ్డ ముక్కను తీసి స్టీలు పళ్లెం మీదికి విసిరేది, టంగుమంటే పల్లీలు పోసేది, తప్పుమంటే ఇంకా పొయ్యి మీదనే. ఆ టంగుమనే ముదురు పాకమే థర్మామీటర్‌లో దాదాపు 150 డిగ్రీలు, సాగే మెత్త కారమెల్‌కి అంత అక్కర్లేదు, నీళ్లలో వేసిన చుక్కను వేళ్ల మధ్య ఉండ చేస్తే నిలబడి నొక్కితే అణిగేటట్టు ఉండాలి, అది 118 దగ్గర. థర్మామీటర్ కొన్నరంటే ముందు మరిగే నీళ్లలో పెట్టి చూడండి, హైదరాబాద్ 500 మీటర్ల పైన ఎత్తులో ఉంటది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతయ్, అందుకే వీడియోలో 118 అంటే మనం 116కే దించాలి. ఇది తెల్వక ఒక వాయి మొత్తం పళ్లకు పట్టుకునేటట్టు చేసిన.

పలుకులు ఎందుకంటే చక్కెర కరిగినంక కూడా మీరు గరిటె తిప్పుతున్నరు. గిన్నె అంచుకు అంటిన ఒక్క పలుకు లోపల పడితే చాలు, దాన్ని పట్టుకొని మిగతాదంతా పలుకులు కట్టేస్తది. తడి బ్రష్‌తో అంచులు తుడవండి, తిప్పకుండా గిన్నెనే కొంచెం ఊపండి, నాలుగు చుక్కలు నిమ్మరసం వేయండి, పులుపుకి చక్కెర కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి అది పలుకులకు అడ్డం పడతది. నేను 200 గ్రాముల చక్కెరకి 120 మి.లీ. క్రీమ్, 60 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు వేస్తా. క్రీమ్ వేడి చేసి కొంచెం కొంచెంగా పోయండి, పెద్ద గిన్నెలో చేయండి, భగ్గున పొంగుతది, పిల్లల్ని కిచెన్‌లోకి రానియ్యకండి, నూనె చిందినట్టు కాదు, ఇది చర్మానికి అంటుకొని ఊడదు. కాజు, బాదం వేయించి వేడి మీదనే కలపాలి, చల్లటి పప్పులు పోస్తే పాకం గరిటెకే గడ్డ కడతది.

ఇప్పుడు చాక్లెట్. స్లాబ్ కవర్ వెనుక చూడండి, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్, కరిగించి మౌల్డ్‌లో పోస్తే అదే గట్టిపడతది. కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, అది మాత్రమే ఉంటే అది అసలు చాక్లెట్, దాన్ని టెంపర్ చేయాల్సిందే, అంటే లెక్క ప్రకారం కరిగించి, చల్లార్చి, మళ్లీ కొంచెం వేడి చేయాలన్నమాట. డార్క్ అయితే 45-50 దాకా కరిగించి, 28కి చల్లార్చి, మళ్లీ 31-32కి తేవాలి. మూడో వంతు ముక్కలు పక్కన ఉంచుకొని, కరిగిన దాంట్లో కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పోతే చల్లారుడు సులువు. ఈ పని చేయకపోతే కోకో బటర్ పైకి తేలి తెల్లగా కనిపిస్తది. వేలితో రుద్దితే కరిగిపోతే అది కొవ్వు, గరగరమంటే చక్కెర, అంటే తడి తగిలిందన్నమాట. ఫ్రిజ్‌లోంచి తీయంగనే చెమ్మ పట్టేది కూడా ఇదే, అందుకే గాలి పోని డబ్బాలో పెట్టి, బయటికి తీసినంక డబ్బా మూత వెంటనే తెరవకుండా ఒక అరగంట ఆగండి.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకొకటి, పైసలు కలిసొస్తయని కాంపౌండ్‌ని, అసలు చాక్లెట్‌ని సగం సగం కలిపిన. రెండు కొవ్వులకు పడదు, ఏం చేసినా మెత్తగనే ఉండె, వారానికి బూడిద రంగొచ్చింది. ఇంకోసారి గరిటె కడిగి తుడవకుండా పెట్టిన, ఒక్క నీటి చుక్క, కళ్ల ముందే గిన్నెడు చాక్లెట్ మట్టి ముద్ద అయింది. అది మౌల్డ్‌కి పనికిరాదు కానీ వేడి పాలు పోసి తాగేయొచ్చు, మా పిల్లలకైతే అదే బాగా నచ్చింది.

ఏప్రిల్, మేలో ఏసీ లేకుండా టెంపర్ చేయాలని కూర్చోకండి, గది 35 ఉంటే చాక్లెట్ 31కి ఎట్ల దిగుతది. వానాకాలంలో పట్టీలు, కారమెల్ గాలిలో చెమ్మ పీల్చి జిగురు అవుతయ్, చేసిన రోజే ఒక్కొక్కటి బటర్ పేపర్‌లో చుట్టేయండి, లేదా పట్టీ ముక్కల్ని చాక్లెట్‌లో పూర్తిగా ముంచితే ఆ పొరే చెమ్మకు అడ్డం.

మీ స్లాబ్ వెనుక ఏం రాసుందో, ఏ నెలలో చేసిన్రో చెప్తే మిగతాది చూద్దాం.