బుర్రకథ ఇంటి బిడ్డకు కాపీరైట్ చదువు ఎందుకు?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయన బుర్రకథ చెప్తాడు. జాతరలో ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు రాత్రంతా కథ తీసుకుని, పొద్దున ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వీడియో బాగా నడుస్తోంది, మాకు రూపాయి రాలేదు. నేను ఇంటర్ రెండో సంవత్సరం, సీఈసీ. కాపీరైట్ లాయర్ కావాలనుంది. అది సినిమావాళ్ల చదువు, మనకెందుకు అంటున్నారు.

జవాబు: ఆ మాట పట్టించుకోవద్దమ్మా. సినిమావాళ్లకు లాయర్లు ఎప్పుడూ దొరుకుతారు, మీ నాయన లాంటివాళ్లకే దొరకరు.

మన కాపీరైట్ చట్టంలో కులం మాట, రంగు మాట ఎక్కడా కనపడవు. కానీ చట్టం కాగితాన్ని నమ్ముతుంది, కాబట్టి చదువు అందని జాతులకు దెబ్బ అక్కడే తగులుతుంది. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో ఒక పాట రికార్డు చేశాడు. హక్కులు 10 షిల్లింగులకు పోయాయి. ఆ బాణీ ప్రపంచమంతా తిరిగింది, ఆయన మాత్రం 1962లో పేదవాడిగానే పోయాడు. తర్వాత లాయర్లు 1911 నాటి బ్రిటిష్ చట్టం తిరగేస్తే, రచయిత పోయిన 25 ఏళ్లకు హక్కు వారసులకు తిరిగి రావాలని అందులో ఉంది. ఆ ఒక్క నిబంధన పట్టుకుని కేసు వేస్తే, 2006లో రాజీ కుదిరి ఆయన కూతుళ్లకు రాయల్టీ అందింది.

ఇక మీ సంగతి. తరతరాలుగా వస్తున్న కథ మీద మీకు కాపీరైట్ రాదు. చట్టం ఫలానా రచయిత ఎవరని అడుగుతుంది. ఊర్లన్నీ కలిసి పెంచిన కథకు ఎవరి పేరు చెప్తాం? ఇది అన్యాయమనే నా అభిప్రాయం. అయితే ఆ రాత్రి కథ చెప్పిన గొంతు, గుమ్మెట దరువుకు వేసిన అడుగు మీ నాయనవి. వాటికి 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. ఆ జాబితాలో గాయకులతో పాటు గారడీవాళ్లు, పాములు ఆడించేవాళ్లు కూడా ఉన్నారు! హక్కు 50 ఏళ్లు ఉంటుంది. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడగొచ్చని 2012 సవరణ చెప్తోంది. హక్కు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది. అందుకే సంతకం పెట్టేశాం కదా అని టెన్షన్ పడొద్దు.

చదువు విషయానికి వస్తే, ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా కోర్సుకు లాసెట్ రాయి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. ఇంగ్లీషు మీద పట్టుంటే డిసెంబరులో క్లాట్ అనే జాతీయ లా ప్రవేశ పరీక్ష కూడా రాయి, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకి అదే దారి. ఆయన కర్నూలు పక్క పెద్దపాడులో దళిత కుటుంబంలో పుట్టి, లా చదివి ముఖ్యమంత్రి అయినవాడు. ఆ బోర్డు కింద నువ్వు కూర్చుంటే నాకెంతో సంతోషం.

ఈలోపు వీడియో లింకు, జాతర తేదీ, అక్కడ మీ నాయన పక్కన వంత పాడినవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. అనంతపురం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. నాయనను వెంటబెట్టుకుని వెళ్లు. సంతకం పెట్టిన కాగితం కాపీ ఇమ్మని చానల్ వాళ్లను ముందే అడగండి, లాయర్ మొదట చూసేది దాన్నే.