రోల్ వంపును లెక్కగట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

లోహపు రేకును పల్చగా నొక్కే రోలింగ్ మిల్లులో రోళ్లు ఎంత వంగుతాయో లెక్కగట్టే మోడల్ పని నీకు అప్పగించారని, స్టాండ్ (రోళ్లు, వాటిని పట్టి ఉంచే చట్రం) మొత్తాన్నీ ఫైనైట్ ఎలిమెంట్‌లో (అంతటినీ చిన్న చిన్న భాగాలుగా చేసి కంప్యూటర్‌తో లెక్కగట్టే పద్ధతి) పెట్టేస్తానని రాశావు. తొందరపడకు. అది తర్వాత సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ముందు రోల్‌ని పొడవునా ముక్కలుగా విడగొట్టు. ఒక్కో ముక్క మీది లోడ్ మిగతావాటిని ఎంత కదిలిస్తుందో లెక్కగట్టు. ఇన్‌ఫ్లుయెన్స్ ఫంక్షన్ పద్ధతి అంటే ఇదే. నాలుగు రోళ్ల మిల్లులకు షోహెట్, టౌన్‌సెండ్ అనే పరిశోధకులు 1968లోనే ఈ దారి చూపారు. సెకన్లలో జవాబిస్తుంది, తప్పు ఎక్కడుందో కూడా కనబడుతుంది.

వంపు లెక్కలో షియర్‌ని (అడ్డకోతలు ఒకదాని పక్క ఒకటి జారడం వల్ల వచ్చే కదలిక) వదలకు. కాలేజీలో చెప్పే బీమ్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రోల్ పొట్టిగా, లావుగా ఉంటుంది. షియర్ లేకపోతే వంపు తక్కువగా వస్తుంది.

ఇక అణగడం, అంటే తాకినచోట రోల్ చదునవడం. రేకును నేరుగా నొక్కే వర్క్ రోల్ స్ట్రిప్ (ఆ రేకు) దగ్గరా అణుగుతుంది, దాని వెనక ఆసరాగా ఉండే బ్యాకప్ రోల్ దగ్గరా అణుగుతుంది. స్ట్రిప్ వైపు, అణిగిన రోల్ వ్యాసార్థాన్ని ఇచ్చే హిచ్‌కాక్ సూత్రంతో మొదలుపెట్టు. 250 మి.మీ. వ్యాసార్థమున్న ఉక్కు రోల్, మిల్లీమీటరు వెడల్పుకు 10 కిలోన్యూటన్ల లోడ్, రేకు మందంలో 0.5 మి.మీ. తగ్గింపు అనుకో. అణిగిన వ్యాసార్థం దాదాపు 360 మి.మీ. వస్తుంది. అదే లోడ్‌తో తగ్గింపు 0.05 మాత్రమే అయితే 1,300 దాటుతుంది! అక్కడ రోల్ ఇంకా గుండ్రంగానే ఉందన్న ఊహే చెల్లదు. పల్చటి రేకుకు వేరే మోడల్ కావాలి. పైగా వ్యాసార్థం పెరిగితే లోడ్ పెరుగుతుంది, లోడ్ పెరిగితే మళ్లీ వ్యాసార్థం పెరుగుతుంది. ప్రతి రౌండులో కొత్త విలువ పూర్తిగా తీసుకోకుండా సగం మార్పే తీసుకో, లేకపోతే లెక్క ఊగిసలాడుతుంది.

చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. రోళ్లను ఒకదానికొకటి ఆనించి నొక్కి మిల్ స్ట్రెచ్ (లోడ్ కింద మిల్లు ఎంత సాగుతుందో) కొలుస్తారు కదా, ఆ అంకెలో హౌసింగ్ (చట్రం) సాగడంతోపాటు రోళ్ల వంపు, అణగడం కూడా కలిసే ఉంటాయి. దానికి నీ మోడల్ వంపు మళ్లీ కలిపితే ఒకే వంపు రెండుసార్లు లెక్కలోకొస్తుంది. పైగా ఆనించినప్పుడు రోళ్లు పొడవంతా తాకుతాయి, స్ట్రిప్ ఉన్నప్పుడు దాని వెడల్పు మేరకే లోడ్. ఆ వెడల్పు దాటినచోట బ్యాకప్ రోల్ వర్క్ రోల్‌ని ఎదురుగా ఏమీ లేకుండానే నొక్కుతుంది, అంచులు పల్చబడడంలో దాని వాటా చాలా ఉంది. అందుకే స్ట్రిప్ అంచు దగ్గర ముక్కలు సన్నగా ఉంచు.

వేడిని చిన్నచూపు చూడకు. 500 మి.మీ. వ్యాసమున్న రోల్ మధ్యలో, చివరలకన్నా 10 డిగ్రీలు వేడెక్కితే మధ్య వ్యాసం సుమారు 60 మైక్రాన్లు ఎక్కువవుతుంది. నువ్వు వెతికే స్ట్రిప్ క్రౌన్ (రేకు మధ్య మందం అంచులకన్నా ఎంత ఎక్కువో) కన్నా అదే పెద్దది కావచ్చు. అరుగుదల నెమ్మదిగా పెరిగేదే, మొదటి వెర్షన్‌లో లేకపోయినా ఫర్వాలేదు.

ఫలితం నమ్మే ముందు రెండు పరీక్షలు పెట్టు. రోళ్ల మధ్య ఒత్తిళ్ల మొత్తం, స్ట్రిప్ లోడ్‌కి పాజిటివ్ బెండింగ్ బలం (వర్క్ రోళ్ల చివరలను ఒకదాని నుంచి ఒకటి దూరంగా నెట్టేది) కలిపినంత రావాలి. ముక్కల సంఖ్య రెట్టింపు చేసినా ప్రొఫైల్ (రేకు వెడల్పు మేర మందం తీరు) మారకూడదు. ఆ తర్వాతే అసలు కాయిల్ కొలతలతో పోల్చు. లోడ్ కలిసిందని మాత్రం సంబరపడకు. ఘర్షణ గుణకాన్ని కాస్త సర్దితే లోడ్ ఎవరికైనా కలుస్తుంది. బెండింగ్ ఒక్కటే మార్చి, మిగతావన్నీ కదలకుండా ఉంచి తీసిన రెండు ప్రొఫైళ్లు కావాలని మిల్లువాళ్లను అడుగు. అవి చేతికొచ్చాక మళ్లీ రాయి.

పెదనాన్న