ఇంట్లో ఉన్నది ఒకే గది అయితే ఏకాంత ప్రార్థన ఎక్కడ, అసలు ఎందుకు?

సిస్టర్, మీరు అడిగినవి రెండు. ఆదివారం చర్చి, మధ్యలో ఇళ్లలో కూడి చేసే కాటేజ్ ప్రేయర్, రాత్రి కుటుంబ ప్రార్థన ఉండగా మళ్లీ ఒంటరిగా ప్రార్థించడం ఎందుకు? అత్తమామలు, పిల్లలతో ఒకే గదిలో ఉంటే ఆ ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? నాది ప్రొద్దుటూరు. అలాంటి ఇంట్లోనే పెరిగాను, అలాంటి ఇంటికే కోడలిగా వచ్చాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ఎందుకు అంటే నాకు ముందు మా నాయనే గుర్తొస్తాడు. పుట్టిల్లు పులివెందుల వైపు పల్లె. నాయన సంఘపెద్ద. చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయమంటే లేచి, "మహోన్నతుడవైన దేవా, కృపామయుడా" అని ఎత్తుకుని ఎక్కడా తడుముకోకుండా చేసేవాడు. వానల కోసం, జబ్బుపడినవాళ్ల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, అన్నీ అందులో వచ్చేవి. తన సంగతి ఒక్కటే వచ్చేది కాదు. అప్పట్లో మా చీనీ (బత్తాయి) తోట ఎండిపోతోంది. బోరు వేస్తే దుమ్ము లేచింది, అప్పు మిగిలింది. ఎండాకాలం అందరం మిద్దె మీద పడుకునేవాళ్లం. మేం నిద్రపోయామనుకుని నాయన పిట్టగోడ దగ్గర మోకాళ్లూని, "ప్రభువా, బోరు పడల్యా. చెట్లు మాడిపోతాండాయి. అప్పిచ్చినాయనకు ఏం చెప్పాల్నో నాకు తెలీడంల్యా" అనేవాడు. చాలాసేపు ఏమీ అనేవాడు కాదు. మళ్లీ అదే మాట.

చర్చిలో చేసిన ప్రార్థన ఉత్తదని నేననను. సంఘం తరఫున చేసేటప్పుడు అందరూ ఆమేన్ అనగలిగేలా చేయాలి, నాయన అలాగే చేసేవాడు. కానీ నలుగురు వింటున్నప్పుడు మన మాట దానంతటదే సర్దుకుంటుంది. భయం, కోపం, సిగ్గు పక్కకు జరుగుతాయి. అవి చెప్పుకోవడానికి ఒక చోటు కావాలి. మత్తయి 6లో గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని యేసు చెప్పింది కూడా, మనుషులకు కనబడాలని సమాజమందిరాల్లో, వీధుల మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్ల గురించి మాట్లాడుతున్నప్పుడే. అలాగని ఆయన సమాజమందిరానికి వెళ్లడం మానలేదు. విశ్రాంతిదినాన వెళ్లడం ఆయనకు వాడుక అని లూకా రాశాడు. కాబట్టి ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనే మాట లేదు.

మన సీమలో ఈ సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పుకోవాలి. లండన్ మిషన్ అనే మిషనరీ సంఘం కడపకు వచ్చింది 1822లో. ఆ తర్వాత ఇక్కడి పల్లెల్లో చాలాచోట్ల పేటలకు పేటలే కలిసి విశ్వాసంలోకి వచ్చాయి. అందుకే మనకు భక్తి అంటే గంట మోగడం, అందరూ కూడడం, పాటలు, పండుగకు ప్రేమవిందు. అది మన బలం, దాన్ని నేను ప్రాణంగా చూసుకుంటాను. కాకపోతే సంఘమంతా చుట్టాలే అయినచోట పొద్దున చెప్పిన ప్రార్థనాంశం మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది.

మా తమ్ముడు బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకుని అప్పులపాలయ్యాడు. మరదలు నా చేతులు పట్టుకుని, "వదినా, ఎవరికీ చెప్పొద్దు" అంది. కాటేజ్ ప్రేయర్‌లో "మా కుటుంబం కోసం ప్రార్థన చేయండి" అని మాత్రమే అనగలిగాను. మిగతాదంతా తెల్లవారుజామున వంటింట్లో, స్టవ్ పక్కన పీట మీద కూర్చుని చెప్పుకున్నాను. మొదట్లో అంతా కోపమే. వీడికి బుద్ధి చెప్పు ప్రభువా, మా అమ్మ పరువు తీశాడు, ఇదే వరస. రోజూ అదే చెబుతుండగా ఒకనాడు వాడి పేరు పలికేసరికి, చిన్నప్పుడు జ్వరంతో నా ఒళ్లో పడుకున్న పిల్లోడు కళ్లముందుకొచ్చాడు. అక్కడినుంచి అప్పును వదిలి వాడి కోసం అడగడం మొదలైంది. వాడింటికి వెళ్లినప్పుడు ఎంత అప్పుందని నిలదీయబుద్ధి కాలేదు. "అన్నం తిన్నావారా?" అన్నాను. వాడు ఏడ్చేశాడు, ఆ తర్వాత తనే ఫోన్ తీసి అన్నీ చూపించాడు. అప్పు ఇంకా తీరలేదు, నెలనెలా కడుతున్నాడు. వాడు ఇప్పుడు నాతో ఏదీ దాచడు. నేను అడిగిన దానికంటే ఇది పెద్ద జవాబని నా నమ్మకం.

ఇక చోటు విషయం. మీరేమీ దిగులు పడొద్దు. తల వాల్చుకోవడానికి చోటు లేదని చెప్పినవాడు మన ప్రభువు. మార్కు మొదటి అధ్యాయం తీయండి. ముందురోజు సాయంత్రం ఊరంతా ఆయన ఉన్న ఇంటి వాకిట్లో చేరింది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేనిచోటికి వెళ్లి ప్రార్థించాడు. యొప్పే పట్టణంలో ఆయన శిష్యుడు పేతురు వేరేవాళ్లింట్లో దిగి, మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు ప్రార్థనకు మిద్దె ఎక్కాడు. పాత నిబంధనలో బిడ్డ కోసం ఏడ్చిన హన్నాకైతే ఆ మాత్రం కూడా దొరకలేదు. మందిరంలో, యాజకుడు ఏలీ చూస్తుండగానే, పెదవులు మాత్రం కదిలిస్తూ గుండెలోదంతా చెప్పుకుంది. ఆమె తాగి ఉందనుకున్నాడాయన. దేవుడు మాత్రం విన్నాడు.

మీ అత్తగారితో, "అత్తా, పది నిమిషాలు మిద్దె మీదికి పోయొస్తా, పిల్లల్ని చూస్తుండు" అని చెప్పేయండి. దాచుకుని చేయాల్సిన పని కాదు కదా. ఫోన్ కిందే పెట్టి వెళ్లండి, ఇది మాత్రం తప్పనిసరి. మిద్దె కుదరకపోతే అందరికంటే ముందు లేచినప్పుడు వంటింట్లో కూర్చోండి.

మాటలు రావడం లేదని, చెప్పిందే చెబుతున్నానని కూడా రాశారు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు మూడుసార్లూ ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు. అసలేమీ తోచని రోజున 13వ కీర్తన తీసి మెల్లగా పైకి చదవండి. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు దేవుణ్ణే అడిగేశాడు అందులో. ఆరే వచనాలు. చదివాక మీ ఇంటి సంగతి మీ ఇంటి భాషలోనే చెప్పుకోండి.