ఫిల్మును కిటికీకి పెట్టి చూడు

అమ్మలూ,

నువ్వు వృత్తాకార ధ్రువణపు యాంటెన్నా అరే, అంటే తరంగాన్ని గుండ్రంగా తిప్పుతూ పంపే యాంటెన్నాల వరుస, చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మా ఇంటి వరండాలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్చుకున్న పిల్లవి, 10 గిగాహెర్ట్‌జ్ దాకా వెళ్లావు! సంతోషం ఎంత ఉందో గుబులూ అంతే ఉంది.

బోర్డుకు ఎఫ్ఆర్4 అనే మామూలు గాజునార పలక వాడకు, ఆ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్‌ను తినేస్తుంది. ప్యాచ్‌ల, అంటే రాగి బిళ్లల్లాంటి చిన్న యాంటెన్నాల, మధ్య ఎడాన్ని బ్యాండు (వాడే ఫ్రీక్వెన్సీల మేర) పై అంచును బట్టి లెక్కించు. నాలుగు ప్యాచ్‌లనూ ఒక్కొక్కటి 90 డిగ్రీల చొప్పున తిప్పి, ఫేజునూ (సిగ్నల్ అల ఎంత వెనకబడాలో దాన్నీ) అదే వరుసలో 0, 90, 180, 270గా ఇవ్వు. ఒక ప్యాచ్ వృత్తం కోలగా సాగితే పక్కదాని కోల అడ్డంగా పడి దాన్ని సరిచేస్తుంది. బ్యాండు వెడల్పయ్యేది అక్కడే. ఇవన్నీ నీకు తెలుసు.

నీకు తెలియనిది నా తప్పు. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అప్పట్లో గీసిన నమూనాను ఫిల్ము మీదికి ఎక్కించి, రాగి బోర్డు మీద పరిచి, వెలుగు చూపించి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచేవాళ్లం. ఒక సాయంత్రం తొందరలో ఫిల్మును తిరగేసి పరిచాను. బోర్డు అద్దంలో ప్రతిబింబంలా వచ్చింది. ప్యాచ్‌లు తిరిగే దిశ, ఫేజు పెరిగే దిశ రెండూ కలిసే తారుమారయ్యాయి కాబట్టి సిగ్నల్ వెనక్కి తిరిగిరాకుండా మ్యాచింగ్ చక్కగా కుదిరింది. తిరిగే హార్న్‌తో (కొమ్ములాంటి యాంటెన్నాతో) కొలిస్తే అక్షీయ నిష్పత్తి, అంటే ఆ వృత్తంలోని కోల, ఒక్క డెసిబెల్. ఆ హార్న్ సరళ ధ్రువణానిది, ఒకే గీతలో ఊగే తరంగాన్ని పట్టేది. తరంగం ఎంత గుండ్రంగా ఉందో చెబుతుంది కానీ ఎటు తిరుగుతోందో చెప్పదు. నేను పొంగిపోయాను.

బీచ్ రోడ్డులో ఒక మేడ మీద దాన్ని బిగించి, కైలాసగిరి వైపున్న అవతలి యాంటెన్నాతో కలిపితే, రావలసినదానికన్నా 25 డెసిబెల్‌లు తక్కువ వచ్చింది. మూడువందల వంతుల్లో ఒక వంతు! కేబుల్‌ను అనుమానించాను. ఉప్పుగాలికి కనెక్టర్ పాడైందనుకున్నాను. యాంటెన్నా మీద మాత్రం అనుమానం రాలేదు, అది నేను చేసింది కదా. ముసురు పట్టిన ఆ మధ్యాహ్నం కనెక్టర్ చూసి రమ్మని నా స్నేహితుణ్ణి స్తంభం ఎక్కించాను. తడి మెట్టు మీద అతని కాలు జారింది. మణికట్టు విరిగింది.

రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చి ఫిల్మును లైటుకు పెట్టి చూశాను. నా తరంగం అవతలి యాంటెన్నా పట్టేదానికి ఎదురు దిశలో తిరుగుతోంది, అందుకే అది దాన్ని దాదాపు పట్టనే లేదు. అందులో ఒక్క అక్షరమైనా ఉంటే ముందే తెలిసిపోయేది. నేను ఏమీ రాయలేదు.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 1962 జులైలో టెల్‌స్టార్ ఉపగ్రహం తొలి చిత్రాలు పంపినప్పుడు ఇంగ్లండులోని గూన్‌హిల్లీ కేంద్రంలో ధ్రువణ దిశ తారుమారై బొమ్మ సరిగా రాలేదు. కుడి అంటే ఏది అన్నదాని మీదే తికమక. ఆప్టిక్స్ (కాంతి శాస్త్రం) పుస్తకాల్లో చాలావాటికి కుడి అయింది రేడియోవాళ్లం మనకు ఎడమ. తరంగం వెళ్లే వైపు చూస్తూ సవ్యదిశలో తిరిగితే మనకది కుడి. ఈ మాట నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకో. డిష్‌కు ఫీడుగా, అంటే దాని మీదికి తరంగాన్ని పంపేదిగా, వాడితే పరావర్తనంలో దిశ మళ్లీ మారుతుందని దాని కిందే రాయి.

బోర్డు మూలన రాగిలోనే 'కుడి' అని చెక్కించు. ఒకటి కుడి స్క్రూలాగా, ఒకటి ఎడమ స్క్రూలాగా చుట్టిన రెండు హెలిక్స్‌లు (స్ప్రింగులాంటి యాంటెన్నాలు) బల్ల మీద ఉంచుకో. అవి ఎటు తిరుగుతాయో కంటికే కనిపిస్తుంది, వాటితో పోల్చి చూడకుండా ఏ అరేనూ గది దాటించకు. మేడ మీదికి ఒంటరిగా వెళ్లకు. వాన పడుతుంటే అసలు వెళ్లకు, ఎవరినీ పంపకు. ఈ మాట వినకపోతే నిజంగానే కోప్పడతాను.

నీ లెక్కల మీద నాకు నమ్మకం లేక కాదు తల్లీ. నా లెక్కలూ ఆ రోజు సరిగ్గానే ఉన్నాయి.

ఆదివారం ఫిల్ము తీసుకుని రా. పిట్టగోడ పక్క కిటికీ దగ్గర పొద్దున వెలుగు బాగుంటుంది, ఇద్దరం కలిసి చూద్దాం. అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంది.

నీ మామయ్య
విశాఖపట్నం