డిప్యూటీ అంటే డీఎస్పీ కాదు

సందేహం: మా చెల్లెలి కూతురు టెక్సాస్‌లో ఒక కౌంటీ షెరిఫ్ ఆఫీసులో పెట్రోల్ డిప్యూటీగా చేరింది. మా ఊరి విలేకరి 'అమెరికాలో డీఎస్పీగా తెలుగమ్మాయి' అని రాసేశాడు. అది చూసి అమ్మాయి ఫోన్ చేసి ఒకటే గోల. ఇంతకీ ఆ ఉద్యోగాన్ని తెలుగులో ఏమనాలి? 'ఉప షరీఫు' అనవచ్చా? గస్తీ కాయడం, గస్తీ తిరగడం – వీటిలో ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: విలేకరిని మరీ తప్పుపట్టలేం. డిప్యూటీ అనగానే మనకు గుర్తొచ్చేది డిప్యూటీ కలెక్టరు, డిప్యూటీ తహశీల్దారు, డిప్యూటీ ముఖ్యమంత్రి. అంటే పెద్దాయన కుర్చీకి పక్క కుర్చీ. షెరిఫ్‌ని ఎస్పీ అనుకుంటే డిప్యూటీ షెరిఫ్ డీఎస్పీ కాక ఇంకేమవుతాడు? లెక్క బాగానే కుదిరింది, ఉద్యోగమే మారిపోయింది.

టెక్సాస్ రాష్ట్రంలో 254 కౌంటీలున్నాయి, అంటే పాలన కోసం విడగొట్టిన భాగాలు. ప్రతి కౌంటీకీ ఒక షెరిఫ్, అంటే అక్కడి పోలీసు పెద్ద. ఆయన్ని ప్రభుత్వం వేయదు, కౌంటీ జనమే నాలుగేళ్లకోసారి ఓటేసి ఎన్నుకుంటారు. చట్టం అధికారమంతా ఆ ఒక్కడి పేరనే ఇస్తుంది. ఒక్కడే ఊళ్లన్నీ తిరగలేడు కదా, అందుకని తన పేరు మీద పనిచేసేవాళ్లను పెట్టుకుంటాడు. వాళ్లే డిప్యూటీలు. పెద్ద కౌంటీల్లో వందల మంది ఉంటారు. కౌంటీ జైలు చూసేవాళ్లలోనూ వాళ్లుంటారు, కోర్టు కాగితాలు అందించేవాళ్లలోనూ ఉంటారు, కారులో ఊళ్లు తిరిగేవాళ్లూ వాళ్లే. కాబట్టి ఇక్కడ డిప్యూటీ అంటే 'తర్వాతి పెద్ద' కాదు, 'తరఫు మనిషి'.

మీ 'ఉప' చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఉపసర్పంచ్, ఉపరాష్ట్రపతి – మన వాడుకలో 'ఉప' సాధారణంగా ఒక్కరికే, అదీ రెండో స్థానానికే. వందల మంది ఉపసర్పంచులున్న పంచాయతీని ఊహించుకోండి! ఇక 'షరీఫు' అని రాస్తే అజ్మీర్ షరీఫ్ గుర్తొస్తుంది. అరబీలో ఆ మాటకు గౌరవనీయుడని అర్థం. షెరిఫ్‌కి దానితో చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో 'షైర్' అంటే సీమ, 'రీవ్' అంటే దాని పెత్తనదారు. ఆ రెండూ కలిసి అరిగిపోయి షెరిఫ్ అయింది. మద్రాసులో ఇదే పేరుతో ఒక గౌరవ పదవి ఉండేది కాబట్టి పాతతరం వాళ్లకు 'షెరీఫ్' అని దీర్ఘం తీయడం అలవాటు. ఇప్పుడు షెరిఫ్ అంటే చాలు.

హోదాను చూసి అనువాదం చేస్తే ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే మంచి మాట కానిస్టేబుల్. లాటిన్‌లో దాని మూలానికి 'గుర్రపుసాల అధిపతి' అని అర్థం. ఫ్రాన్సులో ఒకప్పుడు కానిస్టేబుల్ అంటే రాజుగారి సేనాధిపతి. ఆ మాట మనదాకా వచ్చేసరికి పోలీసు శాఖలో అన్నిటికంటే కింది మెట్టు మీద నిలబడింది. టెక్సాస్‌లో ఇంకో వింత. అక్కడ కానిస్టేబుల్ కూడా ఓట్లతో గెలిచి వచ్చేవాడే, ఆయన కింద మళ్లీ డిప్యూటీలు. మీ మేనకోడలు అక్కడ ఉద్యోగం మారి 'డిప్యూటీ కానిస్టేబుల్' అయిందనుకోండి, మీ విలేకరి దాన్ని ఎలా రాస్తాడో చూడాలని నాకు మహా సరదాగా ఉంది. మన తలారిదీ ఇదే కథ. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాల్లో 'మహాతలవర' అన్నది గొప్ప కుటుంబాల వాళ్ల బిరుదు. ఆ తలవరే అరిగి తలారి అయిందని పలువురు పండితులు అంటారు. మహాతలవరి కాస్తా గ్రామ కావలికి దిగిపోయాడు.

కౌంటీని జిల్లా అనకపోవడమే మేలు. జిల్లా అంటే మనకు కలెక్టరు, ఎస్పీ, పైనుంచి వచ్చే బదిలీ ఉత్తర్వులు. అక్కడ ఆ ఏర్పాటే లేదు. అయితే హైదరాబాద్ శివార్లలో గేటు పెట్టిన ప్రతి మూడో వెంచరుకీ 'ఫలానా కౌంటీ' అని పేరు పెడుతున్నారు కాబట్టి, మాట మటుకు మనవాళ్లకు కొత్త కాదు.

ఇప్పుడు గస్తీ. పారసీకంలో 'గష్త్' అంటే తిరగడం. పహరా అలా కాదు, 'ప్రహర' నుంచి వచ్చింది, అంటే జాము. జాముసేపు ఒకచోట నిలబడి చూసుకోవడం పహరా. కావలి, కాపలా రెండూ మన 'కాచు' ధాతువు పిల్లలు. అందుకని పహరా కాయవచ్చు, కాపలా కాయవచ్చు. గస్తీ మాత్రం తిరగాలి. మూలం చూస్తే 'గస్తీ తిరగడం' అన్నది 'తిరుగుడు తిరగడం' అవుతుందని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే, కానీ ఆ మూలం ఇప్పుడు ఎవరి చెవికీ వినపడదు. 'గస్తీ కాయడం' కాపలా పక్కన కూర్చుని అంటించుకున్న అలవాటు. తప్పని కొట్టేయను గానీ నేనైతే రాయను. పత్రికల 'గస్తీ నిర్వహిస్తున్నారు' కంటే అదే నయం.

పోలీసుల నోట 'బీటు', 'పెట్రోలింగ్' అనే వినిపిస్తాయి. ఆ రెండో మాట విని ఊళ్లకు పెట్రోలు పోసే బండి అనుకున్న పెద్దాయన్ని నేనెరుగుదును.

గస్తీ అనగానే మనకు రాత్రిపూట, ఇద్దరు ముగ్గురు, విజిలూ లాఠీ చప్పుడూ మనసులో మెదులుతాయి. కౌంటీ డిప్యూటీ చాలాసార్లు కారులో ఒక్కరే ఉంటారు. వాళ్లు ఎక్కువగా తిరిగేది ఏ మున్సిపాలిటీలోనూ కలవని పొలాలు, పల్లెల్లో. సాయం కావాలని రేడియోలో పిలిస్తే ఇంకో కారు ఎక్కడో మైళ్ల అవతల ఉండవచ్చు. రోడ్డు మీదికొచ్చిన ఆవుల్ని కంచెలోకి తోలడం కూడా ఆ డ్యూటీలోదే.

వాళ్లు చేసే ఇంకో పనికి మనవాళ్లు పెట్టిన పేరు చూసి ఉలిక్కిపడ్డాను. దూరాన ఉన్న కొడుకు 'అమ్మ ఫోనెత్తడం లేదు, ఒకసారి చూస్తారా' అని అడిగితే డిప్యూటీ వెళ్లి తలుపు కొడతారు. దీన్ని అక్కడ 'వెల్ఫేర్ చెక్' అంటారు. ఒక అనువాదంలో అది 'సంక్షేమ తనిఖీ' అయింది! అది చదివితే సంక్షేమ హాస్టల్లో అన్నం కుండ మూత తీసి చూసే అధికారి కనిపిస్తాడు. పోనీ 'యోగక్షేమాల విచారణ' అందామా అంటే, పోలీసు పక్కన విచారణ అన్న మాట పడగానే ముసలామె గుండె జారిపోతుంది. 'మంచిచెడ్డలు కనుక్కోవడం' అంటే సరిపోతుంది కదా, ఇంట్లో అనే మాటే.

'గస్తీభటుడు' అని కూడా వద్దు. మీ మేనకోడలికి దాన్ని 'భటురాలు' చేయాల్సి వస్తుంది. పోలీసు అన్న మాటకు ఆ బాధ లేదు: పోలీసు వచ్చాడు, పోలీసు వచ్చింది.

విలేకరికి సవరణ పంపేటట్లయితే ఇలా రాయండి: 'ఫలానా అమ్మాయి టెక్సాస్‌లోని ఫలానా కౌంటీ షెరిఫ్ ఆఫీసులో గస్తీ పోలీసుగా చేరింది. ఈ ఉద్యోగాన్ని అక్కడ డిప్యూటీ అంటారు.' రెండో వాక్యం తీసేయనివ్వకండి. అది లేకపోతే వచ్చేవారం ఇంకెవరినో డీఎస్పీని చేస్తాడు.