హోటళ్లలో ‘నాలెడ్జ్ మేనేజ్‌మెంట్’ ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఉద్యోగంలో చేరకుండా నాలెడ్జ్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేస్తానంటోంది. పర్యాటక రంగంలో అలాంటి ఉద్యోగాలు ఉంటాయా? చేర్పించమంటారా?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ అమ్మాయి మంచి విషయమే ఎంచుకుంది. సిబ్బందికి అనుభవంతో తెలిసిన సంగతుల్ని రాతలో పెట్టి, అవసరమైన అందరికీ అందేలా చేయడమే నాలెడ్జ్ మేనేజ్‌మెంట్. పీజీకి మాత్రం ఇప్పుడే తొందరపడవద్దండి. ముందు రెండు మూడేళ్లు హోటల్‌లో పనిచేయనివ్వండి.

ఈ విషయం ఎందుకు మంచిదంటే, హోటల్ రంగంలో సిబ్బంది తరచూ మారిపోతుంటారు. పదేళ్లు పనిచేసిన ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ మానేస్తే ఎంతో సమాచారం ఆయనతోపాటే వెళ్లిపోతుంది. ఏటా వచ్చే ఏ కుటుంబానికి లిఫ్టుకు దూరంగా గది కావాలి, ఏ కంపెనీ బిల్లు ఆలస్యంగా చెల్లిస్తుంది, పెళ్లిళ్ల సీజన్‌లో ఏ లాండ్రీ మాట నిలబెట్టుకుంటుంది... ఇవేవీ సాధారణంగా ఎక్కడా రాసి ఉండవు. కొత్తగా వచ్చినవారు అన్నీ మొదటినుంచి తెలుసుకోవాలి. ఆలోగా ఇబ్బంది పడేది అతిథే.

అమెరికాకు చెందిన విలాస హోటళ్ల సంస్థ రిట్జ్ కార్ల్‌టన్, ఇలాంటి సమాచారాన్ని భద్రపరిచే పనిని పద్ధతిగా చేసి పేరు తెచ్చుకుంది. అతిథి ఇష్టాయిష్టాలు ఏ ఉద్యోగి కంటపడినా రాసుకుంటారు. అది కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, అదే అతిథి మరో ఊళ్లోని వాళ్ల హోటల్‌కు వెళ్లినా అక్కడివారికి తెలుస్తుంది. నాణ్యతకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే మాల్కమ్ బాల్‌డ్రిజ్ పురస్కారం ఈ సంస్థకు 1992లోను, 1999లోను వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది సాఫ్ట్‌వేర్‌ను కాదు. గదులు శుభ్రం చేసే ఉద్యోగి కూడా తాను చూసింది రాస్తే విలువ ఉంటుందని నమ్మాలి, ఆ నమ్మకం కలిగించడమే అసలు కష్టం. హౌస్‌కీపింగ్‌లో నిలబడి పనిచేయనివారికి అది చేతకాదని నా గట్టి అభిప్రాయం.

ఇక ఉద్యోగాలు. ‘నాలెడ్జ్ మేనేజర్’ అనే హోదా మన హోటళ్లలో అరుదు. ఆ పని శిక్షణ, నాణ్యత, గెస్ట్ రిలేషన్స్ (అతిథుల బాగోగులు చూసేది), రెవెన్యూ (గదుల ధరలు, ఆదాయం చూసేది) విభాగాల్లో కలిసి ఉంటుంది. ప్రకటనల్లో ఆ పేర్లతో వెతకమనండి.

చిన్న సంస్థల్ని కూడా తక్కువగా చూడవద్దు. మన ఊళ్ల నుంచి కాశీ, గయ యాత్రలు నడిపేవారిని చూడండి. ఏ సత్రంలో పెద్దవాళ్లకు కింది అంతస్తు గదులు దొరుకుతాయో, గయలో పిండప్రదానానికి ఏ పురోహితుణ్ని పిలవాలో, ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం ఎవరు సమయానికి పంపుతారో అంతా యజమాని బుర్రలో, ఆయన ఫోనులో ఉంటుంది. ఆయనకు జ్వరం వస్తే యాత్ర తడబడుతుంది. దీన్ని రాతలో పెట్టి ఇవ్వగలిగినవారి అవసరం అక్కడ చాలా ఉంది.

ఉద్యోగంలో చేరాక షిఫ్టు మారేటప్పుడు రాసే లాగ్‌బుక్‌ను శ్రద్ధగా చదవమనండి. పదేపదే వచ్చే ఫిర్యాదు ఒకటి పట్టుకుని, దాన్ని ఎలా పరిష్కరించాలో ఒక పేజీలో, కొత్తవారికి అర్థమయ్యేలా రాసి తన మేనేజర్‌కు చూపించాలి. గదుల బుకింగ్, బిల్లింగ్ నడిచే సాఫ్ట్‌వేర్‌ను క్షుణ్ణంగా నేర్చుకోవాలి, ఎక్సెల్ బాగా రావాలి. అతిథుల వివరాలతో పని కాబట్టి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి కూడా చదవాలి.

అప్పటికీ ఆసక్తి ఉంటే పీజీ చేయించండి. ఫీజు కట్టే ముందు, అక్కడ చదివినవారు ఏ సంస్థల్లో, ఏ హోదాల్లో చేరారో అడిగి, వారిలో ఇద్దరితోనైనా అమ్మాయిని స్వయంగా మాట్లాడమనండి.