వెక్కిళ్లకూ వెన్నుపాముకూ ఏమిటి సంబంధం?

ప్రశ్న: మా అక్క వయసు 34. నిరుడు ఆమెకు మూడు వారాలు వెక్కిళ్లు, వాంతులు ఆగలేదు. ఎండోస్కోపీలో ఏమీ కనిపించలేదు. వాటంతట అవే తగ్గాయి. ఈ ఏడాది కుడి కన్ను మసకబారి, ఆ తరువాత కాళ్లు పట్టు తప్పాయి. మొదట మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. రక్తంలో ఆక్వాపోరిన్-4 యాంటీబాడీలు కనిపించాక, ఇది న్యూరోమైలైటిస్ ఆప్టికా అనీ, గ్లియల్ కణాల మీద దాడి అనీ చెప్పారు. ఏమిటీ కణాలు? జబ్బు పేరు మారితే మందులూ మారాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మందులు తప్పకుండా మారాలి. న్యూరోమైలైటిస్ ఆప్టికా అంటే శరీర రక్షణ వ్యవస్థే ముఖ్యంగా కంటి నాడి మీద, వెన్నుపాము మీద దాడి చేసే జబ్బు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ బీటా, ఫింగోలిమాడ్ వంటివి ఈ జబ్బులో మేలు చేయకపోగా దాడులను పెంచే ప్రమాదం ఉంది.

మెదడులో సంకేతాలు మోసే న్యూరాన్లతో పాటు దాదాపు అంతే సంఖ్యలో గ్లియల్ కణాలు ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో వీటిని న్యూరాన్లను అతికించి ఉంచే జిగురుగా భావించి ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు. ఆ పేరు వీటికి అన్యాయమే చేసిందని నాకనిపిస్తుంది, జిగురును పట్టించుకునేదెవరు?

వీటిలో నక్షత్రాల్లా కనిపించే ఆస్ట్రోసైట్లు తమ కొసలను సన్నని రక్తనాళాల చుట్టూ పాదాల్లా పరచి ఉంచుతాయి. ఆ పాదాల మీద ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీను నీటి రాకపోకలకు తూములా పనిచేస్తుంది. మీ అక్కగారి రక్తంలోని యాంటీబాడీలు ఈ తూములకే అంటుకుని, కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లను పిలిచి, ఆస్ట్రోసైట్‌కు చిల్లులు పొడిపిస్తాయి. దాని ఆసరాతో బతికే న్యూరాన్లు, నాడులకు మైలిన్ అనే తొడుగును అల్లే ఒలిగోడెండ్రోసైట్లు ఆ తరువాత దెబ్బతింటాయి. నాడుల మీది మైలిన్ తొడుగు ఊడిపోవడం రెండు జబ్బుల్లోనూ కనిపిస్తుంది కనుకనే చాలాకాలం రెంటినీ ఒకటిగా చూశారు; 2004లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన వాండా లెనన్ బృందం ఈ యాంటీబాడీని, మరుసటి ఏడాది దాని గురిని గుర్తించాకే తేడా తేటపడింది.

ఇక వెక్కిళ్లు. మెదడు కాండం అడుగున వాంతిని ప్రేరేపించే చిన్న ప్రాంతంలో రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ పలుచన, పైగా అక్కడ ఆక్వాపోరిన్-4 మెండు. నిరుడు వచ్చినది బహుశా తొలి దాడే.

దాడి సమయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, చాలకపోతే ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని మార్చి యాంటీబాడీలను తీసివేయడం). మళ్లీ రాకుండా రక్షణ వ్యవస్థను అణచే రిటుక్సిమాబ్, అజాథయోప్రిన్ వంటివి వాడతారు. ప్రతి దాడీ కొంత శాశ్వత నష్టం మిగల్చవచ్చు కనుక, బాగున్నానని ఆమె మందులు మానకూడదు. వెక్కిళ్లు మళ్లీ ఒకటి రెండు రోజులు ఆగకపోతే, కడుపు డాక్టరు దగ్గరకు కాక నేరుగా న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లండి.